నల్లతెరతో పని: షెల్ స్క్రిప్టులు, విమ్ సెట్టింగుల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున అనంతపురంలో మా మిద్దె మీద నలుగురైదుగురు ఇంజినీరింగ్ పిల్లలు ల్యాప్‌టాపులు ముందరేసుకుని కూర్చుంటారు. కర్నూలు, కడపల నుంచి ఉద్యోగాలు చేసుకునే తమ్ముళ్లు ఫోన్లో కలుస్తారు. మూడేళ్లుగా చెప్పిందే చెప్పి నా నోరు నొచ్చింది. అందుకే ఇక్కడ రాసిపెడుతున్నా. నల్లతెర అంటే కమాండ్లు కొట్టే టెర్మినల్. షెల్ అంటే ఆ కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రాం, స్క్రిప్టు అంటే కమాండ్లు వరసగా రాసిపెట్టిన ఫైలు, విమ్ అంటే టెర్మినల్లోనే నడిచే ఎడిటర్. వరస ఏమీ లేదు, ఎవరికి కావాల్సింది వాళ్లు చూసుకోండి.

కమాండ్లు కూడా తెలుగులోనే రాసినావేందన్నా?

మిద్దె మీద నోటితో ఎట్లా చెప్తానో అట్లే రాశా. "ఎల్‌ఎస్" అంటే ఆ రెండు ఇంగ్లీషు అక్షరాలు, "మైనస్" అంటే అడ్డగీత, "డాలర్" అంటే డాలర్ గుర్తు. కాపీ కొట్టి అతికించడానికి కుదరదని ఒకరిద్దరు గొణిగారు. కుదరకపోవడమే మంచిది. వేలితో కొట్టిన కమాండు గుర్తుంటుంది, అతికించింది ఆ పూటకే మర్చిపోతాం.

వీఎస్ కోడ్ ఉండగా ఈ నల్లతెర ఎందుకు?

వీఎస్ కోడ్ వద్దని ఎవరన్నారు? నేనూ వాడతా. కానీ రాత్రి పదకొండింటికి సర్వర్ ఆగిపోయిందని ఫోనొస్తే, అవతల ఉండేది ఒట్టి టెర్మినలే. ఆ సర్వర్లో విమ్ లేకపోయినా దాని ముందుతరం ఎడిటర్ వీఐ అయినా ఉంటుంది. ఒక కాన్ఫిగ్ ఫైల్లో ఒక లైను మార్చి, సేవ్ చేసి, బయటికి రాగలిగితే చాలు, సగం ఉద్యోగం వచ్చినట్టే.

విమ్‌లోకి పోయినా, బయటికి రావడం ల్యా. ఎట్లా?

ఎస్కేప్ నొక్కు. కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్. మార్పులు ఉంచుకోవాలంటే కోలన్, డబ్ల్యూ, క్యూ. సిగ్గుపడే పని లేదు. ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటులో ఇదే ప్రశ్నను 2017 నాటికే పది లక్షల సార్లు చూశారు.

స్క్రిప్టు ఎప్పుడు రాయాలి?

ఒక పనిని మూడోసారి చేతితో చేస్తున్నప్పుడు. మొదటిసారి చేసినప్పుడు పని ఏమిటో తెలియదు. రెండోసారికి ఎక్కడ తప్పుతుందో తెలుస్తుంది. మొదటిసారే స్క్రిప్టు రాసేవాళ్లను చూశా, పది నిమిషాల పనికి పూటంతా పోగొట్టుకుంటారు. నేనూ ఆ జాతివాణ్నే, ఇంకా పూర్తిగా మారలేదు.

స్క్రిప్టు పైన ఏమేం రాయాలి?

మొదటి లైను హ్యాష్, ఆశ్చర్యార్థకం, ఆ తర్వాత బ్యాష్ అనే షెల్ ఉన్న దారి. ఇక్కడ ఉత్త "ఎస్‌హెచ్" అని రాస్తే, ఉబుంటులో నడిచేది బ్యాష్ కాదు, డ్యాష్ అనే చిన్న షెల్. 2006లో వచ్చిన 6.10 నుంచీ ఉబుంటులో అంతే. జోడు చదరపు బ్రాకెట్లు, అరేలు అన్నీ అక్కడ ఎర్రర్లు కొడతాయి.

రెండో లైను "సెట్ మైనస్ ఈ యు ఓ పైప్‌ఫెయిల్". ఈ అంటే ఒక కమాండు తప్పితే అక్కడే ఆగమని. యు అంటే పెట్టని వేరియబుల్ వాడితే ఆగమని. పైప్‌ఫెయిల్ అంటే పైపులో మధ్యన తప్పినా తప్పినట్టే లెక్కవేయమని.

ఇది తాయెత్తు కాదు. మైనస్ ఈ పెట్టాక, సున్నాలో ఉన్న ఐ అనే లెక్కను జోడు బ్రాకెట్లలో "ఐ ప్లస్ ప్లస్" అంటే స్క్రిప్టు మాట్లాడకుండా చచ్చిపోతుంది. ప్లస్ ప్లస్ తన పాత విలువ సున్నాను ఇస్తుంది, బ్యాష్ ఆ సున్నాను ఓటమిగా లెక్కేస్తుంది. కడప తమ్ముడు ఒకడు దీని మీద ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాడు. "ఐ ఈక్వల్స్ ఐ ప్లస్ ఒకటి" అని విలువ కట్టే పద్ధతిలో రాసుకుంటే ఈ గొడవే లేదు.

ఆర్‌ఎం మైనస్ ఆర్‌ఎఫ్ అంటే అంత భయమెందుకన్నా?

అది అడగకుండా ఫోల్డర్లకు ఫోల్డర్లే చెరిపేసే కమాండు, దానితో నాకు కాలింది కాబట్టి. పాత ఉద్యోగంలో పాత లాగ్ ఫైళ్లు తుడిచే స్క్రిప్టు రాశా. డైరెక్టరీ పేరు ఒక కాన్ఫిగ్ ఫైల్లోంచి చదివి, దాని వెనక స్లాష్, నక్షత్రం తగిలించి ఆర్‌ఎం. కాన్ఫిగ్‌లో ఆ పేరు ఎదురుగా ఏమీ రాయలేదు, ఖాళీ. మిగిలింది స్లాష్, నక్షత్రం. అంటే మొత్తం మిషను. అన్ని హక్కులుండే రూట్‌గా నడపలేదు కాబట్టి సర్వర్ బతికింది. నా హోమ్ డైరెక్టరీ బతకలేదు. అందులో రెండు వారాల పని, ఎక్కడికీ పుష్ చేయనిది, అంటే వేరేచోట కాపీ లేనిది.

నేనొక్కణ్నే కాదు. 2015 జనవరిలో లినక్స్ మీద స్టీమ్ గేముల ప్రోగ్రాం వాడేవాళ్లకు అచ్చం ఇదే జరిగింది. స్టీమ్ ఫోల్డరు తావు మారితే స్క్రిప్టులో ఫోల్డరు మార్చే సీడీ కమాండు విఫలమై, వేరియబుల్ ఖాళీగా మిగిలి, దాని వెనకున్న స్లాష్ పట్టుకుని ఆర్‌ఎం బయల్దేరింది. వాడేవాళ్ల ఫైళ్లు పోయాయి.

ఇక్కడ మైనస్ యు కాపాడదు, ఇది గమనించండి. వేరియబుల్ అసలు లేకుంటే మైనస్ యు పట్టుకుంటుంది. ఉండి ఖాళీగా ఉంటే వదిలేస్తుంది. దానికి మందు వేరే ఉంది: డాలర్ తర్వాత మీసాల బ్రాకెట్లలో వేరియబుల్ పేరు, వెంటనే కోలన్, ప్రశ్నార్థకం. అట్లా రాస్తే లేకున్నా, ఖాళీ అయినా స్క్రిప్టు అక్కడే ఆగుతుంది. చెరిపే ప్రతి లైనులోనూ ఇదే రాస్తా. చెరిపే ముందు ఒకసారి ఆర్‌ఎం బదులు ఎకో (ఇచ్చిందాన్ని తెర మీద చూపే కమాండు) పెట్టి ఏమేం పోతాయో కళ్లతో చూస్తా. ఇప్పటికీ.

నిజంగా పనికొచ్చిన స్క్రిప్టు ఒకటి చెప్పు.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి కదా. మన అనంతపురంలోంచి శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది, కర్నూలులోంచి నంద్యాల. అప్పుడు కర్నూలు తమ్ముడి దగ్గర మండలానికొక ఫైలు చొప్పున వర్షపాతం లెక్కలు ఉండేవి. అన్ని పేర్లూ "కర్నూలు" అనే మొదలు. డోన్, బనగానపల్లె, ఆత్మకూరు, శ్రీశైలం లాంటివి నంద్యాలకు మారాలి. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, పత్తికొండ ఉన్నచోటనే ఉండాలి. చేతితో మార్చడం మొదలుపెట్టి రెండుసార్లు తప్పుచేశాడు.

నంద్యాలకు పోయే మండలాల పేర్లు ఒక టెక్స్ట్ ఫైల్లో, లైనుకొకటి రాయమన్నా. వైల్, రీడ్ మైనస్ ఆర్, డూ: ఒక్కో లైను చదివి అదే పని మళ్లీ చేసే లూపు. లోపల ఫైలు పేరు మార్చే ఎంవీ మైనస్ ఎన్. ఆ ఎన్ ఎందుకంటే, కొత్త పేరుతో ఫైలు ముందే ఉంటే దాని మీద పడి తుడిచేయకుండా. మొదటి విడత ఎంవీ ముందర ఎకో పెట్టి నడిపాం, తెర మీద జాబితా చూశాం, బాగుంది. ఎకో తీసేసి నడిపాం. అన్నీ మారాయి, శ్రీశైలం తప్ప.

అరగంట తల గోక్కున్నాం. జాబితాలో చివరి పేరు అది. రాసేటప్పుడు చివర ఎంటర్ నొక్కలేదు. చివరి లైను కింద ఎంటర్ లేకుంటే రీడ్ ఆ పేరును చదువుతుంది గానీ "అయిపోయింది" అని ఓటమి చెప్తుంది, వైల్ ఆ మాట విని లోపలికి పోకుండానే ఆగుతుంది. ఎకో పెట్టి చూసినప్పుడు కూడా శ్రీశైలం లేదు, మేమే లెక్కపెట్టలేదు. కళ్లతో చూడ్డం వేరు, లెక్కపెట్టడం వేరు. అప్పట్నుంచి ఇట్లాంటి పనిలో ముందు "డబ్ల్యూసీ మైనస్ ఎల్" కొడతా. లైన్లు లెక్కపెట్టే కమాండు అది. అది కూడా ఎంటర్లనే లెక్కపెడుతుంది కాబట్టి ఒకటి తక్కువ చూపిస్తుంది, అక్కడే అనుమానం రావాలి. లూపులో రీడ్ తర్వాత "లేదా లైను ఖాళీగా లేకుంటే" అనే షరతు కలిపితే చివరి పేరు కూడా లోపలికి వస్తుంది.

మా విండోస్‌లో రాసిన స్క్రిప్టు లినక్స్‌లో "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అంటోంది, పక్కన టోపీ గుర్తు, ఎమ్.

విండోస్ ప్రతి లైను చివరా ఒక గుర్తు ఎక్కువ పెడుతుంది. లినక్స్ దాన్ని కూడా బ్యాష్ దారిలో భాగమనుకుంటుంది. విమ్‌లో తెరిచి "సెట్ ఎఫ్‌ఎఫ్ ఈక్వల్స్ యూనిక్స్" అని సేవ్ చెయ్యండి. లేదా డాస్‌టుయూనిక్స్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. మళ్లీ మళ్లీ వస్తుంటే గిట్ యాట్రిబ్యూట్స్ ఫైల్లో షెల్ ఫైళ్లకు ఎల్‌ఎఫ్ (లినక్స్ తరహా లైను ముగింపు) ఖాయం చేసుకోండి.

నా దగ్గర నడిచింది, ఫ్రెండు మాక్‌లో నడవలేదు.

మాక్‌తో వచ్చే బ్యాష్ 3.2, అది 2006 నాటిది. ఆ తర్వాతి బ్యాష్ లైసెన్సు మారడంతో ఆపిల్ అక్కడే ఆగిపోయింది. 2019లో కాటలీనా నుంచి మామూలు షెల్‌గా జెడ్‌షెల్ పెట్టింది. పేర్లతో వెతికే అరేలు బ్యాష్ 4లో వచ్చాయి, కాబట్టి అక్కడ ఉండవు. ఫైల్లో మాటలు మార్చే సెడ్ మైనస్ ఐ కూడా అక్కడ వేరే తీరు, పక్కన ఒక ఖాళీ కోట్స్ జత అడుగుతుంది.

క్రాన్‌లో పెట్టిన బ్యాకప్ చేతితో నడిపితే నడుస్తుంది, రాత్రి మాత్రం నడవదు.

క్రాన్ అంటే చెప్పిన వేళకు పనులు నడిపే ప్రోగ్రాం. అక్కడ నడవకపోతే నాలుగు కారణాల్లో ఒకటి, దాదాపు ఎప్పుడూ.

ఒకటి, క్రాన్‌కు మీ పాత్, అంటే ప్రోగ్రాములు వెతికే డైరెక్టరీల జాబితా, తెలియదు. చాలా చిన్న పాత్‌తో నడుస్తుంది. ప్రోగ్రాముల పూర్తి దారి రాయండి. రెండు, క్రాన్ లైన్లో డేట్ కోసం శాతం గుర్తు వాడారా? అక్కడ శాతం అంటే కొత్త లైను అని అర్థం. దాని ముందు వెనక్కి వాలిన గీత పెట్టాలి, లేదా డేట్‌ను స్క్రిప్టు లోపలికి మార్చుకోవాలి. నేను రెండోదే చేస్తా. మూడు, కొత్త బ్యాకప్ మొదలయ్యేసరికి పాతది ఇంకా నడుస్తోంది. ఒకేసారి రెండు నడవకుండా తాళం వేసే ఎఫ్‌లాక్ దానికి ఉంది.

నాలుగోది మనూళ్ల సంగతి. రాత్రి రెండుకు కరెంటు లేదు, మిషను నిద్రలో ఉంది. క్రాన్ పోయిన ముహూర్తం కోసం మళ్లీ రాదు. ఇంట్లో డెస్క్‌టాప్ అయితే అనాక్రాన్ వాడండి, లేకపోతే సిస్టమ్‌డి టైమర్లో "పర్సిస్టెంట్ ఈక్వల్స్ ట్రూ" పెట్టండి. మిషను లేచాక తప్పిపోయిన పనిని చేసేస్తుంది.

విమ్‌లో రాస్తుండగా కరెంటు పోయింది. రాసిందంతా పోయినట్టేనా?

పోలేదు. విమ్ పక్కనే ఒక స్వాప్ ఫైలు రాస్తూ ఉంటుంది. మీరు 200 అక్షరాలు కొట్టినప్పుడు, లేదా 4 సెకండ్లు చేయి ఆపినప్పుడు దాన్ని డిస్కు మీదికి దించుతుంది. కాబట్టి మహా అయితే చివరి ఒకట్రెండు వాక్యాలు పోతాయి. మళ్లీ ఆ ఫైలు తెరవగానే విమ్ పెద్ద హెచ్చరిక చూపిస్తుంది. దాన్ని చదవకుండా ఎంటర్లు కొట్టేయకండి. ఆర్ నొక్కితే పోయింది తిరిగొస్తుంది. వచ్చింది సరిగ్గా ఉందో లేదో చూసుకుని, సేవ్ చేసి, అప్పుడు స్వాప్ ఫైలు చెరపండి. చెరపకపోతే ప్రతిసారీ అదే హెచ్చరిక.

ఎండాకాలం గాలివాన రోజుల్లో ఈ ఒక్క సంగతి కోసమే విమ్ నేర్చుకున్నా నష్టం లేదంటా నేను.

ఇంకోటి: "సెట్ అన్‌డూఫైల్". ఇది 2010లో విమ్ 7.3తో వచ్చింది. ఫైలు మూసి, మిషను ఆపి, రేపు తెరిచినా యు నొక్కితే నిన్నటి మార్పు వెనక్కి పోతుంది. అన్‌డూ ఫైళ్లు పెట్టుకోవడానికి ఒక డైరెక్టరీ చూపించడం మరువద్దు, లేకుంటే ప్రతి ఫోల్డర్లోనూ చెత్త పేరుకుంటుంది.

బెంగళూరు నుంచి బస్సులో వస్తూ సర్వర్ మీద పని చేయొచ్చా?

చేశా. పెనుకొండ కొండల దగ్గర సిగ్నల్ పోయి, సర్వర్‌కు కలిపే ఎస్‌ఎస్‌హెచ్ కిటికీ గడ్డకట్టి, మధ్యలో ఉన్న డేటాబేస్ మైగ్రేషన్ తెగిపోయింది. దాని తర్వాతే టీమక్స్ నేర్చుకున్నా, అది సర్వర్లోనే టెర్మినల్‌ను బతికించి ఉంచే ప్రోగ్రాం. సర్వర్లోకి పోగానే టీమక్స్ తెరువు, అందులో పని మొదలుపెట్టు. లైన్ తెగినా అవతల పని నడుస్తూనే ఉంటుంది. ముందుకు పోయి సిగ్నల్ వచ్చాక లోపలికి పోయి "టీమక్స్ అటాచ్" అంటే ఎక్కడ వదిలామో అక్కడే ఉంటాం.

ఎస్‌ఎస్‌హెచ్ బదులు వాడే మోష్ అని ఇంకోటి ఉంది. నెట్‌వర్క్ మారినా, ఐపీ మారినా తెగదు. కాకపోతే యూడీపీలో 60000 నుంచి 61000 దాకా పోర్టులు వాడుతుంది, చాలా ఆఫీసుల ఫైర్‌వాళ్లు వాటిని రానివ్వవు. టీమక్స్‌కు ఆ బాధ లేదు. పెద్ద ఫైళ్లు పంపాలంటే ఎస్‌సీపీ వద్దు, ఆర్‌సింక్ మైనస్ పెద్ద పీ. తెగిన చోటు నుంచి మళ్లీ అందుకుంటుంది.

మంచి విమ్ కాన్ఫిగ్ ఒకటి ఇవ్వన్నా, పెట్టుకుంటాం.

ఇవ్వను. అడిగిన ప్రతివాడూ అలిగాడు, అయినా ఇవ్వను. వేరేవాళ్ల ఐదొందల లైన్ల కాన్ఫిగ్ పెట్టుకోవడమంటే వేరేవాళ్ల చెప్పులేసుకుని తిరుమల కొండెక్కడం. ఏ కీ నొక్కితే ఏమైందో తెలియదు, పాడైతే ఎక్కడ చూడాలో తెలియదు.

ఖాళీ ఫైలుతో మొదలుపెట్టండి. మొదటి వారం ఇవి చాలు: లైను నంబర్లకు "నంబర్". ట్యాబ్ బదులు ఖాళీలకు "ఎక్స్‌పాండ్‌ట్యాబ్", ఎన్ని ఖాళీలో చెప్పడానికి "షిఫ్ట్‌విడ్త్", "సాఫ్ట్‌ట్యాబ్‌స్టాప్" రెండూ 4. వెతికేటప్పుడు చిన్న పెద్ద అక్షరాల తేడా లేకుండా "ఇగ్నోర్‌కేస్", దానికి జోడీగా "స్మార్ట్‌కేస్". జోడీ పెడితే మీరు పెద్ద అక్షరం కొట్టినప్పుడు మాత్రమే తేడా చూస్తుంది. పైన చెప్పిన అన్‌డూఫైల్. ఇంకా ఏదైనా మూడుసార్లు విసుగు తెప్పిస్తే, ":హెల్ప్" అని కొట్టి చదివి, ఒక లైను కలపండి. పక్కన ఎందుకు కలిపారో కామెంట్ రాయండి. నా ఫైలు పదకొండేళ్లలో తొంభై లైన్లు దాటలేదు.

నేను విమ్ సెట్టింగులుండే విమ్‌ఆర్‌సీ ఫైలు తెరిచి ఒక్క లైను రాయగానే, రంగులు, మౌసు అన్నీ పోయాయి!

ఇది అందరూ పడే గుంత. 2016లో వచ్చిన విమ్ 8 నుంచి, మీకు సొంత ఫైలు లేకుంటే విమ్ తన డిఫాల్ట్స్ ఫైలును చదువుకుంటుంది. మీ ఫైలు కనపడగానే "ఈయనకు అన్నీ తెలుసు" అని దాన్ని వదిలేస్తుంది. మీ ఫైలు మొదటి లైనులోనే "సోర్స్" అని, విమ్‌రన్‌టైమ్ డైరెక్టరీలోని ఆ డిఫాల్ట్స్ ఫైలు దారి ఇవ్వండి. అన్నీ తిరిగొస్తాయి.

తెలుగులో రాస్తుంటే విమ్ పిచ్చి పిచ్చిగా చేస్తోంది.

ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు తెలుగులో ఉండగానే ఎస్కేప్ నొక్కి, జె, కె, డిడి కొడుతుంటారు. విమ్‌కు చేరేది తెలుగు అక్షరాలు. నార్మల్ మోడ్‌లో, అంటే కీలన్నీ కమాండ్లుగా పనిచేసేచోట, వాటికి అర్థం లేదు. ప్రతిసారీ కీబోర్డు మార్చుకోవడం ప్రాణాంతకం. లినక్స్‌లో కీబోర్డు భాష మార్చే ఐబస్ వాడేవాళ్లకు మార్గం ఉంది: ఇన్సర్ట్ మోడ్ (అక్షరాలు రాసే స్థితి) వదలగానే ఐబస్‌ను ఇంగ్లీషుకు తిప్పే ఆటోకమాండ్, అంటే దానంతటదే నడిచే కమాండు, ఒక లైను. "ఇన్సర్ట్‌లీవ్" అనే సంఘటనకు కట్టాలి. తిరిగి తెలుగుకు నేను చేతితోనే మారుస్తా, ఎందుకంటే ప్రతిసారీ తెలుగే కావాలని లేదు.

ఇక చాలా టెర్మినళ్లలో గుణింతాలు, ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి. అది విమ్ తప్పు కాదు. ప్రతి అక్షరానికి ఒకే కొలత గడి ఇచ్చే టెర్మినల్లో "ర్నూ" లాంటి అక్షరం ఇమడదు. పొడుగాటి తెలుగు వ్యాసం రాయాలంటే నేను కూడా మామూలు ఎడిటర్లోకే పోతా.

"కర్నూలు"లో ఎన్ని అక్షరాలు? స్క్రిప్టు 21 అంటోంది.

మన కంటికి మూడు: క, ర్నూ, లు. యూనికోడ్‌కు ఏడు: క, ర, పొల్లు, న, దీర్ఘ ఊకారం, ల, ఉకారం. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు, కాబట్టి ఇరవై ఒకటి. డబ్ల్యూసీ మైనస్ సి బైట్లు లెక్కపెడుతుంది, మైనస్ ఎమ్ గుర్తులు లెక్కపెడుతుంది. ఎకోతో పంపితే చివరి ఎంటర్ కూడా కలిసి ఒకటి ఎక్కువొస్తుంది, ప్రింట్‌ఎఫ్‌తో పంపండి.

క్రాన్‌లో నడిపితే మైనస్ ఎమ్ కూడా 21 అనొచ్చు. అక్కడ లాంగ్ వేరియబుల్ పెట్టి ఉండకపోతే దానికి యూటీఎఫ్-8 అంటే ఏందో తెలియదు. తెలుగు మండలాల పేర్లతో పట్టిక ప్రింట్ చేస్తే నిలువు వరసలు వంకర్లు పోయేది కూడా ఇందుకే. వెడల్పును బైట్లలో కొలుస్తోంది.

హెచ్, జె, కె, ఎల్ ఎందుకు? బాణాలు ఉన్నాయి కదా?

1976లో వీఐ రాసిన బిల్ జాయ్ వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్లో బాణాలు ఆ నాలుగు కీల మీదే ముద్రించి ఉండేవి. బాణాలు వాడుకోండి, ఎవరూ జరిమానా వేయరు.

నానో వాడితే తక్కువా?

కాదు. నానో కూడా టెర్మినల్ ఎడిటరే. కింద కీలు రాసి ఉంటాయి, చదువుకోవచ్చు. మా అత్తకు చెప్పాల్సొస్తే నానోనే చెప్తా.

విమా, నియోవిమా?

నియోవిమ్ 2014లో విమ్ నుంచి విడిపోయింది. లువా భాషలో సెట్టింగులు రాసుకోవచ్చు, కోడ్‌లో తప్పులు, సూచనలు చూపించే ఎల్‌ఎస్‌పీ లోపలే ఉంది. సొంత మిషనులో అది బాగుంటుంది. సర్వర్లో విమ్ ఉంటుంది. రెంటిలోనూ వేళ్లు ఒకటే కాబట్టి దీని గురించి మిద్దె మీద వాదన పెట్టుకోవడం నిషేధించా. ఉగ్గాని చల్లారిపోతోంది.

డాట్‌ఫైళ్లు గిట్‌హబ్‌లో పెట్టొచ్చా?

డాట్‌ఫైళ్లంటే విమ్‌ఆర్‌సీ లాంటి, పేరు ముందు చుక్క ఉండే సెట్టింగుల ఫైళ్లు. పెట్టండి, కొత్త ల్యాప్‌టాప్ కొన్నరోజు దండం పెట్టుకుంటారు. పెట్టేముందు ఒకసారి గ్రెప్‌తో పాస్‌వర్డ్, టోకెన్, సీక్రెట్ అనే మాటలు వెతకండి. ఒకసారి పుష్ అయిన టోకెన్‌ను తర్వాత చెరిపినా చరిత్రలో ఉంటుంది, కాబట్టి దాన్ని రద్దు చేసి కొత్తది తీసుకోవడమే దారి. హిస్టరీ ఫైలు ఎప్పుడూ పెట్టొద్దు. "హిస్ట్‌కంట్రోల్"కు "ఇగ్నోర్‌స్పేస్" ఇస్తే, ముందర ఒక ఖాళీ పెట్టి కొట్టిన కమాండు హిస్టరీలోకి పోదు.

స్క్రిప్టు ఏఐనే రాసిస్తుంది కదన్నా?

రాసిస్తుంది. దాన్ని స్క్రిప్టుల్లో తప్పులు పట్టే షెల్‌చెక్‌లో పెట్టండి, మీరు రాసినా పెట్టండి. ఎక్కువగా వచ్చేది ఎస్‌సి2086, అంటే వేరియబుల్‌కు కోట్స్ పెట్టలేదని. "శనక్కాయ ధరలు" అని మధ్యలో ఖాళీ ఉన్న ఫైలు పేరు వస్తే, కోట్స్ లేని స్క్రిప్టు దాన్ని రెండు ఫైళ్లు అనుకుంటుంది. తర్వాత ఒక్కో లైనూ నాకు చదివి చెప్పమంటా. చెప్పలేని లైను ఉంటే తీసేయిస్తా.

స్క్రిప్టు ఎంత పొడుగు అయితే పైథాన్‌లోకి మారాలి?

గూగుల్ వాళ్ల షెల్ నియమావళి వంద లైన్లు దాటితే మారమంటుంది. నేనైతే లైన్లు లెక్కపెట్టను. జేసన్ అనే డేటా ఫార్మాట్‌ను సెడ్‌తో కోయడం మొదలుపెట్టానంటే, అప్పటికే ఆలస్యమైందని తెలుస్తుంది.

వచ్చే ఆదివారం ఏం తెచ్చుకోవాలి?

ల్యాప్‌టాప్, ఛార్జరు, ఖాళీ విమ్‌ఆర్‌సీ. పది గంటలకల్లా రండి, పన్నెండు దాటితే మిద్దె మీద కూర్చోలేం.